పరదేశమున పని – అనుమతి పత్రములు – పాలమూరు అనుభవము

పాలమూరు పేరు వినగానే ఆనకట్టల మీద పనిచేసిన వారికెవరికైనను గుర్తుకు వచ్చునది కోటలు కాదు, సంస్థానములు కాదు. తట్ట, పార పట్టుకొని నిలుచున్న మనిషి. "పాలమూరు లేబర్" అను మాట ఒక సరకు పేరువలె గుత్తేదారుల లెక్క పుస్తకములకెక్కినది. నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల 2016 అక్టోబరులో వేర్వేరు జిల్లా కేంద్రములైనవి గాని, అంతకు పూర్వము మహబూబ్‌నగర్ జిల్లాలోనివే. ఈ ప్రాంతముల నుండి మేస్త్రీ వెంట కుటుంబములకు కుటుంబములు తరలిపోవుట మన తాతల కాలము నుండి ఉన్నది. కనుక పనివారు చాలని చోటికి పనివారిని ఎవరు తీసుకొనిపోవచ్చును, ఏ షరతు మీద, ఎంత కాలమునకు అను ప్రశ్న మనకు కేవలము అర్థశాస్త్ర పాఠ్యపుస్తకములోని ప్రశ్న కాదు.

ఈ వ్యాసము వ్రాయుటకు ఒక చిన్న సంఘటన కారణము. మా పరిచయస్తులలో ఒక యువకుడు ఇంటర్మీడియట్ తప్పి, సౌదీ అరేబియాలో డ్రైవరు పనికి వీసా వచ్చినదని ఇంటింటికి మిఠాయి పంచినాడు. అప్పటికే ఏజెంటు చేతికి లక్షా ఇరువది వేల రూపాయలు ముట్టినవి. అందులో సగము తల్లి నగలు కుదువపెట్టి తెచ్చినది. వీసా నకలు అరబీలో నున్నది. మాలో ఉర్దూ విభాగమునకు చెందిన మిత్రుడొకరు దానిని చేతికి తీసుకొని చదివి, కొంతసేపు ఏమియు మాటాడలేదు. వృత్తి అని వ్రాసిన చోట "సాయిఖ్" అని లేదు. "రాయీ" అని యున్నది. సాయిఖ్ అనగా డ్రైవరు; రాయీ అనగా పశువుల కాపరి. అయిననేమి, అక్కడికి పోయిన పిమ్మట మార్చుకొనవచ్చునని ఆ యువకుడు నవ్వినాడు. ఆ ఒక్క పదము వలన ఎంత మారునో అతనికి చెప్పబోయి, మాకే సరిగా తెలియదని గ్రహించితిమి. పిమ్మట విచారించి తెలిసికొన్న సంగతులనే ఇక్కడ పొందుపరచుచున్నాము.

పని అనుమతి అనునది ఒక చిక్కుముడి నుండి పుట్టినది. ఒక రాజ్యమున పని ఎక్కువ, మనుష్యులు తక్కువ. యజమానులు బయటివారిని రప్పింపుమని అడుగుదురు. స్వదేశీయులు తమ ఉద్యోగములు పోవునని, కూలి పడిపోవునని భయపడుదురు. ప్రభుత్వమునకు మనిషి చేయు పని కావలెను గాని, ఆ మనిషి అక్కడనే పాదుకొనుట అక్కర లేదు. ఈ మూడు కోరికలను ఒక్క కాగితము మీద ఇముడ్చుటకు చేసిన ప్రయత్నమే పని అనుమతి. అందుచేత ఏ దేశపు అనుమతిలోనైనను నాలుగు సంగతులుండును: ఎందరిని, ఏ పనికి, ఎవరి పూచీ మీద, ఎంత కాలమునకు. వీనిలో మూడవదియే మన వారి మెడకు చుట్టుకొన్నది.

ఇది అరబ్బు దేశములలో పుట్టిన ఆలోచన అని తలచుట పొరపాటు. మన నిజాము రాజ్యమునందే ఇట్టి కట్టుబాటు ఉండెను. 1919 నాటి ఫర్మానా ననుసరించి, ముల్కీ కాని వానిని ప్రభుత్వోద్యోగమున నియమించుటకు నిజాము ప్రత్యేకానుమతి కావలసి యుండెను. ఇక్కడ తగిన వాడు దొరకనప్పుడు బయటివానికి అనుమతి; ఇదే నేటి దేశములు పాటించు సూత్రము. అయితే ఆ నిబంధనలలో ఒక తలుపు తెరచియుండెను. పదునైదేండ్లు రాజ్యమున స్థిరముగా నివసించి, స్వస్థలమునకు తిరిగిపోవు తలంపు మానుకొంటినని ప్రమాణపత్రము వ్రాసి యిచ్చినవాడు తానును ముల్కీ కావచ్చును. ఆ నిబంధనలు 1952లో, మరల 1969లో, సుప్రీంకోర్టు తీర్పు పిమ్మట 1972లో ఎంత కలకలము రేపినవో పెద్దలు ఎరుగుదురు. 1973లో పార్లమెంటు వానిని రద్దు చేసినది. గల్ఫు దేశములలో ఆ తలుపు సాధారణముగా లేదు. ముప్పది యేండ్లు పనిచేసిన వాడును ముప్పదవ యేట ఇఖామా పొడిగించుకొనవలసినదే.

మరియొక ముచ్చట కూడ ఇక్కడ చెప్పుకొనవలెను. పందొమ్మిదవ శతాబ్దమున వనపర్తి సంస్థానాధీశులు ఆఫ్రికా సంతతి హబ్షీలను తమ అశ్వదళమున చేర్చుకొనిరి. ఆ దళము తరువాత నిజాము కొలువు చేరినది. హైదరాబాదులోని ఏ.సి. గార్డ్స్ అను పేటకు ఆ పేరు "ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్" నుండి వచ్చినదే. బార్కస్ ప్రాంతములోని అనేక కుటుంబములు హద్రమౌత్ నుండి నిజాము సైన్యమున కొలువునకు వచ్చిన అరబ్బుల సంతతి. అనగా అరబ్బు దేశము వాడు జీతము కొరకు దక్కనుకు వచ్చిన కాలమొకటి ఉండెను. సముద్రము అదే, ఓడ ఎదురు దిక్కునకు తిరిగినది.

ఇక మేస్త్రీ సంగతి. పాలమూరు మేస్త్రీ ఊరికి వచ్చి, కరవు కాలమున అడ్వాన్సు ఇచ్చి, ఆ అప్పు మీద మనిషిని కట్టి తీసుకొనిపోవును. లెక్క పని ముగిసిన పిమ్మట. నడుమ కూలి వాడు వెళ్ళిపోదలచిన అడ్వాన్సు అడ్డము వచ్చును. ఈ పద్ధతిని అదుపు చేయుటకు 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టము వచ్చినది. దాని ప్రకారము గుత్తేదారు లైసెన్సు పొందవలసి యుండెను. ప్రతి కార్మికునికి ఫొటో అంటించిన పాసుపుస్తకము ఇవ్వవలసి యుండెను. నెల కూలిలో సగము గాని, 75 రూపాయలు గాని, ఏది ఎక్కువైన అది స్థానభ్రంశ భత్యముగా చెల్లింపవలసి యుండెను. రానుపోను ఖర్చు భరింపవలసి యుండెను. చట్టము మంచిదే. దానిని 2020 నాటి వృత్తి భద్రతా స్మృతిలో కలిపిరి. ఇన్నేండ్లలో ఆ పాసుపుస్తకమును కన్నులార చూచిన పాలమూరు కూలి ఒక్కడైనను మాకు తారసపడలేదు.

మేస్త్రీకిని కఫీలునకును పోలిక ఉన్నది, భేదమును ఉన్నది. మేస్త్రీ పట్టు అప్పు మీద. కఫీలు పట్టు చట్టము మీద. మేస్త్రీని వదలి పారిపోయిన వాడు అప్పుదారు అగును గాని నేరస్థుడు కాడు, ఏలయన ఈ దేశమున ఎక్కడికైనను పోయి బ్రతుకు హక్కు రాజ్యాంగములోని 19వ అధికరణము ఇచ్చినది. కఫీలును వదలి పారిపోయిన వాడు ఆ దేశమున ఉండు హక్కునే పోగొట్టుకొనును.

1973లో చమురు ధరలు పెరిగిన పిమ్మట గల్ఫు దేశములకు ధనము వచ్చినది; రోడ్లు, రేవులు, ఆసుపత్రులు కట్టుటకు మనుష్యులు లేకపోయిరి. అప్పుడు ఆ ప్రభుత్వములు అనుసరించిన ఉపాయము, విదేశీయుని పూచీని యజమానికి అప్పగించుట. దీనినే కఫాలత్ అందురు. ఉర్దూ చదివిన మన విద్యార్థులకు ఈ మాట కొత్త కాదు; ఒకరి పోషణకు, బాధ్యతకు పూచీపడుట దాని అర్థము. ఎంత దయగల మాట! ఆచరణలో అది పాసుపోర్టు యజమాని బీరువాలో నుండుటగా మారినది.

సౌదీ అరేబియాను ఉదాహరణగా తీసికొని ఆ కాగితము ప్రయాణమును చూతము. మొదట యజమాని తనకు ఇందరు పనివారు, ఈ వృత్తులవారు, ఈ దేశమువారు కావలెనని కార్మిక మంత్రిత్వశాఖకు విన్నవించుకొనును. శాఖ అనుమతించిన సంఖ్యకు ఒక వీసా నెంబరు పుట్టును. యజమాని ఆ నెంబరుపై మన దేశములోని రిక్రూటింగ్ ఏజెంటుకు వకాలా, అనగా అధికారపత్రము, ఇచ్చును. ఇక్కడ ఏజెంటు మనుష్యులను వెదకి, గామ్కా మెడికల్ అని వాడుకలో నున్న వైద్యపరీక్ష చేయించి, రాయబార కార్యాలయమున వీసా ఇప్పించును. అక్కడ దిగిన పిమ్మట మరల వైద్యపరీక్ష, వ్రేలిముద్రలు, ఆపై పని అనుమతి, దానితో ముడిపడిన నివాసపత్రము. ఆ నివాసపత్రమే ఇఖామా. దానిపై మనిషి పేరు, వృత్తి, యజమాని పేరు ఉండును. ఈ మూడింటిలో ఏది తప్పినను వాడు దోషియే. ఊరు విడిచి స్వదేశమునకు వచ్చిపోవుటకు ఖురూజ్-వ-ఔదా, శాశ్వతముగా వచ్చివేయుటకు ఖురూజ్ నిహాయీ.

ఆ దేశపు కార్మిక చట్టము 40వ నిబంధన ప్రకారము రిక్రూట్‌మెంటు ఖర్చు, ఇఖామా ఫీజు, పని అనుమతి ఫీజు, వాని పొడిగింపు, పని ముగిసిన పిమ్మట తిరుగు టికెట్టు, అన్నియు యజమాని భరింపవలసినవే. మరి మన యువకుడు చెల్లించిన లక్షా ఇరువది వేలు దేనికి? ఇక్కడనే అసలు కీలకమున్నది. పని అనుమతుల సంఖ్యకు పరిమితి ఉన్నది. పోవలెనని కోరువారికి పరిమితి లేదు. పరిమితమైన వస్తువునకు ధర పుట్టుట సహజము. పని చేయించు అవసరము లేకున్నను అనుమతి సంపాదించి, ఆ నెంబరును అమ్ముకొను యజమానులు పుట్టుకొని వచ్చిరి. ఆ నెంబరు ఒక చేతి నుండి మరియొక చేతికి మారి, మన ఊరి సబ్ ఏజెంటు వద్దకు చేరుసరికి, ఆ చేతులన్నింటి లాభమును కలిపి మన వాడు చెల్లించును. శ్రామికుల కొరత తీర్చుటకు పుట్టిన కాగితము, శ్రామికునికే అమ్ముడుపోవు సరకైనది.

ఈ వ్యాపారములో అన్నిటికంటె ఆశ చూపునది "ఆజాద్ వీసా". అట్టి వీసా ఏ చట్టములోను లేదు. కాగితము మీద ఒక కఫీలు ఉండును; మనిషి బయట ఎక్కడనో పనిచేసి కఫీలునకు నెలనెలా కొంత ముట్టజెప్పును. అదే చట్టములోని 39వ నిబంధన ఒక యజమాని పనివాడు మరియొకని వద్ద పనిచేయుటను నిషేధించినది. కఫీలునకు కోపము వచ్చినను, డబ్బు చాలకపోయినను, "పారిపోయినాడు" అని ఫిర్యాదు చేసినచో, దానిని హురూబ్ అందురు, ఇఖామా చెల్లకపోవును. కాగితము లేని ఇట్టి వానిని మన తెలంగాణ వారు "ఖల్లివల్లి" అని పిలుచుకొందురు. అరబీలో ఆ మాటకు "పోనిమ్ము" అని అర్థము. పేరులోని ఆజాదీ ఎంతటిదో ఆ పిలుపే చెప్పుచున్నది.

కొరత తీరి, స్వదేశీ యువకులకు ఉద్యోగములు లేక పోయినప్పుడు ప్రభుత్వము ఇదే కాగితమును వెనుకకు త్రిప్పును. 2011లో సౌదీ ప్రభుత్వము నితాకాత్ ప్రవేశపెట్టినది. స్వదేశీయుల పాలు ననుసరించి కంపెనీలను ఎరుపు, పసుపు, ఆకుపచ్చ మొదలగు రంగులుగా విభజించి, ఎరుపులో నున్న వారికి అనుమతుల పొడిగింపు నిలిపివేసిరి. 2013లో కాగితములు సరిచేసికొనుటకో, శిక్ష లేకుండ వెళ్ళిపోవుటకో గడువిచ్చి, నవంబరు 3 వరకు పొడిగించిరి. ఆ నెలలలో హైదరాబాదు విమానాశ్రయమున దిగిన వారిలో వీసా అప్పు తీరని వారెందరో. పిమ్మట రుసుముల వంతు. 2017 జులై నుండి వెంట నున్న భార్యాబిడ్డలకు తల ఒక్కింటికి నెలకు 100 రియాళ్ళు విధించి, ఏటేట నూరేసి పెంచి, 2020 నాటికి 400 చేసిరి. భార్య, ముగ్గురు పిల్లలు గల గుమాస్తాకు అది నెలకు 1,600 రియాళ్ళు. పాతబస్తీలోను, మన పట్టణములలోను తల్లీబిడ్డలు నడి సంవత్సరమున తిరిగివచ్చి పాఠశాలలలో చేరుటకు కారణము ఇదే. విదేశీ కార్మికునిపై యజమాని చెల్లింపవలసిన రుసుము కూడ 2020 నాటికి నెలకు 700, 800 రియాళ్ళకు చేరినది. యజమాని చెల్లింపవలసినదే గాని, అది ఎవరి జీతము నుండి ఊడినదో ఊహింపవచ్చును.

మంచి మార్పులు రాలేదని చెప్పుట అన్యాయము. కతర్ దేశమున 2018లో అధిక సంఖ్యాక కార్మికులకు, 2020 ఆరంభమున ఇంటిపనివారితో సహా మిగిలిన వారికి, దేశము విడుచుటకు యజమాని అనుమతి అక్కర లేకుండ చేసిరి. 2020లోనే ఉద్యోగము మారుటకు పాత యజమాని సమ్మతిపత్రము అవసరము తొలగించి, 2021 మార్చి నుండి నెలకు 1,000 రియాళ్ళ కనీస వేతనము అమలు చేసిరి. సౌదీ అరేబియాలో 2021 మార్చి 14 నుండి ప్రైవేటు రంగపు కార్మికుడు ఒక సంవత్సరము పనిచేసిన పిమ్మట, నియమముల ప్రకారము తెలియజేసి, యజమానిని మార్చుకొనుటకును, రాకపోకల వీసాను తానే పొందుటకును వీలు కల్పించిరి.

ఇప్పుడు ఆ ఒక్క పదము వద్దకు వత్తము. 2021 నాటి ఆ సంస్కరణ నుండి కొన్ని వృత్తులవారిని మినహాయించిరి. వారెవరనగా ఇంటి డ్రైవరు, ఇంటిపనివారు, కాపలాదారు, తోటమాలి లేక వ్యవసాయపు పనివాడు, పశువుల కాపరి. కంపెనీ డ్రైవరుగా పోయిన వాడు యజమాని చెడ్డవాడైన మారవచ్చును. "సాయిఖ్ ఖాస్", అనగా ఇంటి డ్రైవరుగా పోయిన వాడు ఆ సంస్కరణను చూపి మారలేడు. "రాయీ"గా పోయిన వాడు సరేసరి. ఏ రోడ్డూ లేని ఎడారిలో ఒంటెల మంద వెంట నుండును. కావున మిహ్నా, అనగా వృత్తి, అని వ్రాసియున్న పంక్తి జీతము పంక్తికంటె ముందు చదువవలసినది. ఉర్దూ లిపి వచ్చిన విద్యార్థి అరబీ వ్యాకరణము తెలియకున్నను ఈ నాలుగైదు పదములను కూడబలుకుకొని చదువగలడు: సాయిఖ్, రాయీ, ఆమిల్, మజ్రా, మంజిల్. ఆమిల్ అనగా పనివాడు, మజ్రా అనగా పొలము, మంజిల్ అనగా ఇల్లు. తెలుగు విభాగము మిత్రులు ఊరి నుండి కాగితము తెచ్చినప్పుడు ఉర్దూ విభాగమువారు అయిదు నిమిషములు వెచ్చించిన చాలును. కళాశాల కమిటీ పెద్దలు వారమునకొక సాయంకాలము ఒక గది ఇప్పించిన, ఈ పని క్రమముగా జరుగగలదని మా మనవి.

ఇక మన ప్రభుత్వము చేయుచున్నదేమి? 1922 నాటి చట్టము స్థానమున 1983లో ఎమిగ్రేషన్ చట్టము వచ్చినది. పదవ తరగతి తప్పిన వారి పాసుపోర్టు మీద తనిఖీ అవసరమను ముద్ర ఉండును. అట్టివారు గల్ఫు దేశములతో సహా 18 దేశములకు పనికి పోవునప్పుడు ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయము ఒప్పందమును పరిశీలించి అనుమతి నీయవలెను. హైదరాబాదులోను ఆ కార్యాలయము కలదు. రిజిస్టరైన ఏజెంటు 30,000 రూపాయలకు, దానిపై జి.ఎస్.టి.కి మించి తీసికొనరాదు, రసీదు ఇవ్వవలెను. ప్రవాసీ భారతీయ బీమా యోజన క్రింద రెండేండ్లకు 275 రూపాయలు, మూడేండ్లకు 375 రూపాయలు చెల్లించిన 10 లక్షల రూపాయల ప్రమాద బీమా లభించును.

ఇందులో మన విద్యార్థులకు తెలియని మెలిక ఒకటున్నది. పదవ తరగతి ప్యాసైన వానికి ఆ తనిఖీ లేదు. చదువుకొన్నవాడు తన మేలు తాను చూచుకొనునని ప్రభుత్వ భావన. అందుచేత వాని ఒప్పందమును ఎవరును చూడరు, బీమా తప్పనిసరి కాదు, జీతము తగినదా అని అడుగు వారుండరు. కళాశాల మెట్లెక్కిన ప్రతివాడును ఈ కోవలోని వాడే. మేము పైన చెప్పిన యువకుడు పదవ తరగతి ప్యాసు కాకపోయి యుండినచో, ఆ "రాయీ" అను పదము ఏదో ఒక బల్ల వద్ద బయటపడి యుండెడిది. చదువు కొంత వచ్చుట వలన రక్షణ పోవుట వింతయే గాని నిజము.

ప్రభుత్వము కాపాడవలసిన చోట వెనుకంజ వేసిన సందర్భమును ఉన్నది. 2020 సెప్టెంబరులో గల్ఫు దేశములకు పోవు భారతీయ కార్మికుల కనీస సిఫారసు వేతనమును 30 నుండి 50 శాతము వరకు తగ్గించిరి. కరోనా కాలమున ఉద్యోగములు నిలుపుకొనుటకని కారణము చెప్పిరి. తెలంగాణలో గల్ఫు కార్మికుల సంఘములు ఆందోళన చేయగా, రాష్ట్ర హైకోర్టున వ్యాజ్యము పడగా, 2021 జులైలో ఆ ఉత్తరువులను ఉపసంహరించిరి. తక్కువకు పనిచేయుదుమని మన దేశమే ముందుగా చెప్పిన, ఎదుటి యజమాని ఎక్కువ ఏల ఇచ్చును?

ఏజెంటు లేని దారి కూడ ఒకటున్నది. జపాను దేశము 2019 ఏప్రిలు నుండి ప్రత్యేక నైపుణ్యము గల విదేశీయులకు కొత్త అనుమతి నిచ్చుచు, మొదటి అయిదేండ్లకు 14 రంగములలో 3,45,000 మంది వరకు అని ముందుగనే లెక్క ప్రకటించినది. 2021 జనవరిలో మన దేశముతో ఒప్పందము కుదిరినది. భాషా పరీక్ష, నైపుణ్య పరీక్ష ప్యాసు కావలెను. యజమానిని అదే రంగములో మార్చుకొనవచ్చును. తెలంగాణ ప్రభుత్వము స్థాపించిన టామ్‌కామ్ సంస్థ ద్వారా ఇట్టి దేశములకు నర్సులను, ఇతర పనివారిని పంపుచున్నారు. జపానీ భాష నేర్చుటకు నెలలు పట్టును. తల్లి నగలు మాత్రము ఇంటనే ఉండును.

చిత్రమేమనగా నేడు మన జిల్లాలలోనే పనివారి కొరత. కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా ఎత్తిపోతల నీరు వచ్చిన పిమ్మట వరి పెరిగినది. గద్వాల ప్రాంతమున విత్తన పత్తికి పువ్వు పువ్వునకు చేతితో సంకరము చేయవలసిన పని. రాష్ట్రమందలి రైసు మిల్లులలో బస్తాలు మోయువారు ఎక్కువగా బీహారు హమాలీలు. 2020 మే నెలలో లాక్‌డౌన్ నడుచుచుండగనే బీహారులోని ఖగడియా నుండి రెండు వందలకు పైగా మనుష్యులను ప్రత్యేక రైలులో లింగంపల్లికి రప్పించిరి. వారము క్రితము అదే లింగంపల్లి నుండి దేశములోని తొలి శ్రామిక రైలు వలస కూలీలను తీసికొని హటియాకు బయలుదేరినది. వారికి ఇఖామా అక్కర లేదు; వారు మన దేశపు పౌరులు. అయినను మిల్లు వెనుక రేకుల షెడ్డులో వారు పడుకొను చోటును, వారికి అడ్వాన్సు ఇచ్చిన సర్దారును చూచినప్పుడు, మనకు మన మేస్త్రీయే గుర్తుకు వచ్చును. కఫీలును నిందించు నోటితో మనము వారి పాసుపుస్తకము సంగతి అడిగినామా?

ఆ యువకుని సంగతి చెప్పి ముగించెదము. వీసా ముద్ర పడలేదు గనుక వెనుకకు తగ్గు వీలుండెను. పది పండ్రెండు సార్లు తిరిగిన పిమ్మట ఏజెంటు అరువది వేలు తిరిగి యిచ్చినాడు. మిగిలినది పైవారికి పోయినదన్నాడు. రసీదు లేదు గనుక ఎక్కడను చెప్పుకొనుటకు లేకపోయినది. నగలలో గొలుసు విడిపించిరి, గాజులు ఇంకను కుదువలోనే యున్నవి. అతడు ఇప్పుడు హెవీ లైసెన్సు కొరకు నేర్చుచున్నాడు. ఈసారి కాగితము వచ్చిన ముందు మాకు చూపెదనని చెప్పినాడు.